జాతకాల మిషన్‌కు కొత్త మెమరీ

కంప్యూటర్ వేగంగా పనిచేస్తోందని కోప్పడిన మనిషిని నా జీవితంలో ఒక్కణ్నే చూశాను. ఆయన పోయాడని మొన్న తెలిసింది. నా ల్యాప్‌టాప్ మరీ మొరాయిస్తోందని కొత్త మెమరీ, కొత్త డిస్కు వేయించడానికి దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం ఆయన మూత విప్పుతూ, "మేడం, మీది బాబుపేట్ కదా, మా గల్లీల కంప్యూటర్ కాక ఉండె, ఎరుకనా? హోలీ ముందట పోయిండు" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు సరిగ్గా వినబడలేదు. పని అయ్యాక, "చూడుండ్రి, రెప్ప కొట్టేలోపల లేస్తుంది" అని తెర నా వైపు తిప్పాడు. బాగుందన్నాను.

మాది మరాఠీ, తెలుగు కలిసిన బొగ్గుగనుల ఊరు, కాక అంటే రెంటిలోనూ బాబాయే. మరాఠీవాళ్లకూ ఆయన కాకే, మనవాళ్లకూ కాకే. అసలు పేరుతో పిలిచేది పోస్ట్‌మన్ ఒక్కడే. ఉద్యోగం చేసిన రోజుల్లో బొగ్గుగనిలో వైండర్ నడిపాడు. పనివాళ్లు ఎక్కిన ఇనుప పంజరాన్ని తాడుతో గనిలోకి దించి, మళ్లీ పైకి లాగే యంత్రం అది. సంస్కరణల పేరు చెప్పి కంపెనీలు మనుషుల్ని తగ్గించుకుంటున్న కాలంలో ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాడు. తోటివాళ్లు ఆ డబ్బుతో ఇంటిమీద ఇంకో అంతస్తు వేసుకుంటే ఈయన కంప్యూటర్ కొన్నాడు. ఆయన భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆ కొనుగోలు సంగతి ఎత్తితే చాలు, చిన్నమ్మ నెత్తి కొట్టుకునేది.

కొన్నది ఊరికే కాదు. వాళ్ల నాన్న కోర్పనా వైపు పల్లెల్లో పంచాంగం చూసేవాడు. కొడుక్కి ఆ విద్య కొంత అబ్బింది, లెక్కలు మాత్రం అబ్బలేదు. లెక్కలన్నీ మిషన్ చేస్తుందని ఎవరో చెప్పారు. అంతే, ఇంటి ముందుగదిలో 'కంప్యూటర్ జాతకం' బోర్డు వెలిసింది.

ఆయన మౌస్‌ను వేళ్లతో పట్టుకునేవాడు కాదు, గుప్పిట్లో బిగించి పట్టుకునేవాడు, ఇంకా వైండర్ పిడి చేతిలో ఉన్నట్టే. కుర్చీలో వెన్ను వాల్చడు. బొగ్గు దుమ్ము పడుతుందని తెరమీద ఎప్పుడూ తువాల కప్పి ఉంచేవాడు. మధ్యమధ్య పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, పిల్లకు జ్వరం ఏమైనా ఉందేమోనన్నట్టు. ఎండాకాలం మా ఊళ్లో మనుషులకే దిక్కుండదు, ఆయన కూలర్ గాలి కస్టమర్ల మీదికి కాక గోడవైపు తిప్పేవాడు. తడిగాలి మిషన్‌కు పడదట. గిరాకీ చెమటలు కక్కుతూ కూర్చునేది.

పెళ్లి పొంతన చూడాలంటే రెండు కుటుంబాలూ కలిసే వచ్చేవి. ఇద్దరి పుట్టిన వేళలూ కొట్టి, ఎంటర్ నొక్కి, కాక చేతులు ఒళ్లో పెట్టుకునేవాడు. ఇక మిషన్ గురగురలాడేది. దానికి మెమరీ తక్కువ, డిస్కులోనూ చోటు తక్కువ. ఇక్కడ పట్టని లెక్కను అక్కడ దాచి, అక్కడిది మళ్లీ ఇక్కడికి తెచ్చుకుంటూ, ఇరుకింట్లో పెళ్లి వంట చేసేవాళ్లలా నానా తిప్పలు పడేది. ముందున్న ఎర్ర దీపం ఆగకుండా కొట్టుకునేది. మరాఠీవాళ్లయితే "జరా థాంబా" అని కాస్త ఆగమనేవాడు. మనవాళ్లయితే, "లోపల లెక్క నడుస్తుంది. గంతల చాయ్ తాగుండ్రి" అనేవాడు.

అసలు పని అప్పుడు మొదలయ్యేది. ఒకసారి కోఠారి నుంచి వచ్చిన అమ్మాయివాళ్లూ, పద్మాపూర్ కాలనీ అబ్బాయివాళ్లూ ఎదురెదురుగా బిగదీసుకుని కూర్చున్నారు. కాక పత్తికి పట్టిన పురుగు సంగతి ఎత్తాడు. పురుగుమందులో నీళ్లు కలుపుతున్నారన్నాడు. అబ్బాయి తండ్రికీ రెండెకరాలున్నాయి, ఆయనా అదే మందు కొని మోసపోయాడు. కాగితం బయటికొచ్చే వేళకు ఇద్దరు తండ్రులూ కలిసి ఒకే దుకాణదారుణ్ని తిడుతున్నారు. గుణాలు అంతంతమాత్రంగానే కలిశాయి. "ఏమైతది తియ్యి" అని అబ్బాయి తండ్రే అన్నాడు.

మరి ఇది మోసం కాదా అని నేనొకసారి అడిగాను. కాకకు రోషం వచ్చింది. "కాయితం మీద అబద్ధం రాయ. ఒక్క గుణం ఎక్కువ రాయ, తక్కువ రాయ. కాయితం వచ్చేదాంక మనిషిని మనిషి చూడాలె. గంతే నా పని."

నేను అప్పట్లో ఊళ్లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. పెట్టెలు విప్పి బిగించడం కూడా వచ్చు. మా నాన్నదీ గని ఉద్యోగమే, కాకకు పాత స్నేహితుడు. నా జాతకం వేసింది కూడా కాకే. ఒకరోజు చిన్నమ్మ మా ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకుంది. మిషన్ పొంతన మధ్యలోనే బిగుసుకుపోతోంది, గాంధీ చౌక్‌లో కొత్తగా పెట్టినవాళ్లు తెర జనం వైపే తిప్పి క్షణంలో చూపిస్తున్నారు, గిరాకీ అంతా అటే పోతోంది. "నువ్వన్న చెప్పు బిడ్డ. ఆ పెట్టెను జర ఉరికియ్యి."

వెళ్లి చూస్తే డిస్కు చివరి దశలో ఉంది. లోపలినుంచి గీరుతున్న చప్పుడు. అది పోతే ఆయన అన్నేళ్లుగా వేసిన జాతకాలన్నీ దాంతోపాటే పోతాయి. కొత్త డిస్కు వెయ్యాలి, ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి మెమరీ కూడా పెంచుదాం అన్నాను. డిస్కుకు ఒప్పుకున్నాడు. మెమరీ అనగానే మొండికేశాడు.

"వైండర్‌కు రెండు స్పీడ్లుంటయ్ బిడ్డ. బొగ్గెక్కితె ఒక స్పీడు, మనుషులెక్కితె ఒక స్పీడు. మనుషులున్నప్పుడు జోరుగ గుంజితె ఏమైతదో ఎరుకనా?"

"ఇది వైండర్ కాదు కాకా" అన్నాను. నాకు అప్పుడు ఓపిక తక్కువ.

"ఇదీ మనుషులనే ఎక్కించుకుంటది" అన్నాడాయన. కానీ చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఒక చూపు చూసింది, దాంతో తలూపాడు.

పాత డిస్కును, కొత్త డిస్కును ఒకే తీగకు తగిలించి దీంట్లోది దాంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. దేశానికి కరెంటు పంపే ఊరు మాది, మా ఇళ్లలో మాత్రం ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మధ్యలో పోతే పాత డిస్కు మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. కాక నా వెనకే నిలబడ్డాడు. పాత డిస్కు గీరినప్పుడల్లా ఊపిరి బిగబట్టేవాడు, అది నాకు తెలిసేది. ఫ్యాను ఒకసారి నెమ్మదించింది. ఇద్దరం పైకి చూశాం. మళ్లీ అందుకుంది. పని పూర్తయ్యాక చూసుకుంటే నా జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది.

మెమరీ ముక్కల్ని గాడిలో ఏటవాలుగా పెట్టి నిలబెట్టి నొక్కితే టక్కుమని కూర్చున్నాయి. మిషన్ లేచింది. జాతకాల ప్రోగ్రాం కొత్తది కూడా ఎక్కించాను. పరీక్షించాలి కదా, ఏవైనా రెండు జాతకాలు కొట్టాలి. చేతికి వచ్చినవి కొట్టేశాను. ఒకటి నాది. రెండోది మా ఇన్‌స్టిట్యూట్‌లో నాతోపాటు పాఠాలు చెప్పే అతనిది. మేమిద్దరం పెళ్లి చేసుకుందామని అనుకున్నాం, ఇళ్లలో ఇంకా చెప్పలేదు. వేగం ఎంత పెరిగిందో చూద్దామని ఎంటర్ నొక్కాను.

ఆ ఎర్ర దీపం ఒక్కసారి మెరిసిందంతే. గుణాలు సగం కూడా కలవలేదు. కింద ఇద్దరిదీ ఒకే నాడి అని వచ్చింది. మా వైపు అలా వస్తే ఆ సంబంధం వైపు మళ్లీ చూడరు. నేను గబుక్కున తెర మార్చేశాను. వెనక్కి తిరిగితే కాక నన్నే చూస్తున్నాడు. ఎవరిదని అడగలేదు. తువాల తీసి తెరమీద కప్పాడు.

తర్వాత కొద్దిరోజులకు మిషన్ ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. ఎవరో రెండు కుటుంబాలవాళ్లు కూర్చున్నారు. గాంధీ చౌక్ అలవాటు పట్టి తెర తమ వైపు తిప్పమన్నారు. కాక ఎంటర్ నొక్కాడు, ఫలితం వచ్చేసింది, చాయ్ ఇంకా పొయ్యి మీదే ఉంది. అబ్బాయి తరఫు పెద్దమనిషి తెర చూసి లేచాడు, వెంట తక్కినవాళ్లు లేచారు. ఆ అమ్మాయి చెప్పులు వెతుక్కుంటూ తడబడుతుంటే నేను చూడలేకపోయాను.

వాళ్లు వెళ్లాక కాక నా వైపు తిరిగాడు. "తాడు తెంపినవ్ బిడ్డ."

"నేనా? చచ్చిపోయే డిస్కును బతికించాను" అని నేనూ గట్టిగానే అన్నాను. "ముందు చాయ్ ఇచ్చి, ముచ్చట్లు పెట్టి, ఆఖర్న నొక్కొచ్చు కదా."

"చెప్పి చూసిన. ముందుగాల జాతకం చూడు అంటుండ్రు. వచ్చినంక దాసిపెట్టి ముచ్చట చెప్పుమంటవా? నాకు రాదు. నా మొఖంల దొరుకుతది."

అది నిజమే. కాక ముఖం ఏమీ దాచలేదు. పేకాటలో కూడా ఆయన చేతిలో ఏముందో పక్కింటివాళ్లకు తెలిసిపోయేది.

ఆ వానాకాలంలో మా సంగతి ఇళ్లలో చెప్పేశాం. నాన్న రెండు రోజులు ముభావంగా ఉండి, తర్వాత ఒప్పుకున్నాడు. అతనిది రాజురా దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. తండ్రి లేడు. ఇంటికి పెద్ద వాళ్ల పెదనాన్న. ఆయన మాట దాటి ఆ ఇంట్లో ఏదీ జరగదు. ఆయన ఒక షరతు పెట్టాడు: బాబుపేట్‌లో నిజం చెప్పే మనిషి ఒకడున్నాడట, ఆయన దగ్గరే పొంతన చూపించాలి, కలిస్తేనే మాట. నాన్నకు సంతోషమే సంతోషం. మన కాకే కదా అన్నాడు. ఏం వస్తుందో తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ కాకా.

మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆయన దగ్గరికి వెళ్లాను. సిగ్గు విడిచి అడిగాను. "కాకా, పుట్టిన వేళ కొంచెం అటూ ఇటూ చేసి కొడితే..."

"లే" అన్నాడు. "ఇంటికి పో."

లేచాను. కళ్లు మసకబారి గుమ్మం కనిపించలేదు. చెప్పుల దగ్గరికి వెళ్లాక వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "రేపు వాళ్లు వచ్చేకంటె ముందు రా. నువ్వు పెట్టినవి తీసెయ్యి."

"మెమరీ తీస్తే మిషన్ మధ్యలో ఆగిపోవచ్చు కాకా. ఇప్పుడు దాంట్లో ఉన్న ప్రోగ్రాం కొత్తది, పెద్దది."

"ఆగితె ఆగనీ. జోరుగ మాత్రం ఉరకొద్దు."

పొద్దున్నే వెళ్లి, నేనే అమర్చిన ముక్కల్ని నేనే ఊడదీశాను. రుమాలులో చుట్టి బల్ల సొరుగులో పెట్టాను. పెద్దవాళ్లు వచ్చారు: అతని పెదనాన్న, అతని అమ్మ, ఇటు మా నాన్న. అతను రాలేదు, రావద్దన్నారట. నేను మాత్రం, మిషన్ ఏమైనా మొరాయిస్తే నేనే చూడాలని కాక చెప్పడంతో, ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను.

"చాయ్ తాగుదాం పటేలా" అన్నాడు కాక.

"ముందుగాల జాతకం" అన్నాడు పెదనాన్న. "తెర గిటు తిప్పు."

కాక తిప్పాడు. వేళలు కొట్టాడు, నిజమైనవే. ఎంటర్ నొక్కాడు. ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలైంది.

ఇక కాక మాట్లాడాలి. మాట్లాడలేదు. అన్ని కుటుంబాలను కబుర్లలో పెట్టిన మనిషి ఆ రోజు నోరు తెరవలేకపోయాడు. ఫలితం ముందే తెలుసు, ముఖంలో దొరికిపోతాడు. అందుకని వాళ్లకు వీపు పెట్టి, పెట్టె మీద అరచెయ్యి పెట్టి అలా కూర్చుండిపోయాడు. గదిలో డిస్కు గురగుర తప్ప చప్పుడు లేదు. చిన్నమ్మ తెచ్చిన చాయ్ ఎవరూ ముట్టలేదు. మిషన్ ఆగిపోతే బాగుండునని ఒకసారి, ఆగిపోతే వీళ్లు గాంధీ చౌక్‌కు పోతారేమో, ఆగకూడదని ఒకసారి అనుకుంటున్నాను.

ఆ నిశ్శబ్దాన్ని మా నాన్నే భరించలేకపోయాడు పాపం. "గీ మిషన్ మా పిల్లనే బాగు చేసింది" అన్నాడు గర్వంగా.

పెదనాన్న నా వైపు చూశాడు, తెర వైపు చూశాడు. "బాగు చేస్తే గింత సేపెందుకు పడుతుంది?"

నా ప్రాణం పోయినంత పనయింది. కాక వీపు కదిలింది. తిరగకుండానే అన్నాడు, "మనుషుల లెక్క పటేలా. జల్దీ అయ్యేది గాదు."

వాళ్లమ్మ అప్పటిదాకా కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నన్ను చూసి, "ఆడ ఉక్కపోస్తలేదా బిడ్డ, గిటు రా" అంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఈ మిషన్ ఆడవాళ్లు విప్పొచ్చా, షాక్ కొట్టదా అని అడిగింది. చెప్పాను. మా కొడుకు ఇంట్లో ఏమీ చెప్పడు, అక్కడ పాఠం ఎట్లా చెప్తాడు అని అడిగింది. గొంతు సన్నం, వెనక బెంచీలవాళ్లకు వినబడదు అన్నాను. ఆమె నవ్వింది. వాళ్ల నాన్నదీ అదే గొంతు అంది. నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో నేను గమనించలేదు. ఎదురుగా నాన్నా పెదనాన్నా వానలు ఆలస్యమైన సంగతి మొదలుపెట్టారు.

దీపం ఆగింది. తెరమీద అన్నీ వచ్చాయి.

కాక ఈ వైపు తిరిగాడు. ఆయన ముఖం తెల్లబోయి ఉంది. ఒక్కో వరుస మీద వేలు పెట్టి, ఏమీ తగ్గించకుండా, ఏమీ కలపకుండా చదివాడు. నాడి కూడా చదివాడు. నాన్న తల దించుకున్నాడు. పెదనాన్న రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి లేవబోయాడు.

"కూసుండ్రి బావా" అంది వాళ్లమ్మ.

ఆ ఇంట్లో ఆయన్ను కూర్చోమని చెప్పినవాళ్లు లేరనుకుంటాను. ఆయన అలాగే సగం వంగి ఆగిపోయాడు.

"మా లగ్గానికి మీరే చూపిచ్చిన్రు. మస్తు కలిసినయ్ అన్నరు. ఊరంత చెప్పుకున్నరు. కొడుకుకు మాటలు రాకముందే ఆయన పాయె." ఆమె గొంతు పెంచలేదు. "గీ పిల్ల పక్కన గింతసేపు కూసున్న. నాకు మంచిగ అనిపిచ్చింది. నేను గింతే చెప్త."

పెదనాన్న కూర్చున్నాడు. తర్వాత కాకను అడిగాడు, "దీనికి శాంతి గిట్ల ఏమన్న ఉంటదా?"

"ఉంటది" అన్నాడు కాక.

వాళ్లు వెళ్లాక, నాన్న వాళ్లను బస్సెక్కించడానికి వెళ్లాక, సొరుగులోంచి రుమాలు తీశాను. మెమరీ మళ్లీ అమర్చాలి. తొందరలో ముక్క గాడిలో పడలేదు. కాక పెట్టెను కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వాళ్లు లేచిపోతె నువ్వేం జేసేదానివి బిడ్డ?" అని అడిగాడు.

"తెలియదు కాకా."

"నాకు ఎరుకే. మీ నాయిన ఎన్క లేసి పోయేదానివి. ఎన్నడు మల్ల ఆ ముచ్చట తియ్యకపోయేదానివి. గందుకే నాకు భయమైంది."

కాదనబోయాను. కానీ ఆయన చెప్పింది నిజం. వాళ్లు లేచి ఉంటే నేనూ చెప్పులు వేసుకుని నాన్న వెంట నడిచి, ఆ సాయంత్రం అందరికీ అన్నం వడ్డించి, మళ్లీ నోరెత్తేదాన్ని కాదు. నేను అలాంటిదాన్నని అప్పటికి నాకే తెలియదు. మా నాన్నకూ తెలియదు, నన్ను చేసుకోబోయే మనిషికీ తెలియదు. కాకకు తెలుసు, అందుకే భయపడ్డాడు. అలా నా కోసం భయపడిన మనిషి నాకు ఇంకొకరు దొరకలేదు. రేపు చిన్నమ్మను చూడడానికి వెళ్లాలి. మా ఆయన కూడా వస్తానన్నాడు.